ప్రెషర్ ముల్లు దిగని మధ్యాహ్నం

మొన్న ఆల్థాన్‌లో మా అమ్మాయి ఇంట్లో స్నానం చేస్తుంటే, వంటింట్లో ఎవరో కుళాయి తిప్పారు కాబోలు, నా తలమీది ధార ఒక్కసారిగా సన్నబడింది. ఇంకెవరికైనా అది చిన్న చికాకే, నాకు మాత్రం కరోనా నాటి ఓ మధ్యాహ్నం గుర్తొచ్చింది.

బతుకుతెరువుకు ఊరొదిలి వచ్చి, ఇక్కడే పాండేసరలో ఓ బట్టల అద్దకం మిల్లులో ఇరవై ఏళ్లు పంపులు నడిపినవాణ్ణి. కుళాయిలన్నీ తెరిస్తే నీళ్లు ఎక్కువ పారతాయి గానీ ఒత్తిడి పడిపోతుంది. అన్నీ కట్టేస్తే పారకం ఆగి, పంపు మీటరులో ప్రెషర్ ముల్లు పైకెక్కి కూర్చుంటుంది. కరోనా వచ్చిన ఏడు మిల్లు మూతపడి అందరం గదుల్లో బిక్కుబిక్కుమంటున్నప్పుడే మా నాలుగంతస్తుల బిల్డింగు మీది ట్యాంకు పగిలింది, బాగుచేసే మనిషి దొరకలేదు. కింది సంపులోంచి పంపుతో నేరుగా ఇళ్లకే నీళ్లు. భయంతో అందరూ గడియకోసారి చేతులు కడుగుతుంటే పై అంతస్తుకు చుక్క ఎక్కేది కాదు. అక్కడ మా అన్న ఒక్కడే, జ్వరంతో ఉన్నాడు.

"తమ్మీ, నల్లల సుక్క నీళ్లు వస్తలేవురా," అని ఫోన్ చేశాడు. కుళాయి తెరిచే ఉంచమన్నాను, సరేనన్నాడు. గడపగడపకూ దూరంనుంచే కేకేసి కుళాయిలు కట్టేయమని బతిమాలాను. మూడో అంతస్తు ఒడియా ఆవిడ నన్ను చూసి తలుపేసుకుని, లోపల్నుంచే "బంద్ కర్ దియా, భయ్యా" అంది.

పంపు దగ్గరికి వచ్చేసరికి ముల్లు పైకెక్కి ఉంది. పైన అన్న కుళాయి తెరిచి ఉంటే నీళ్లు పారి అది కాస్త దిగాలి. ఎంత చూసినా దిగలేదు. అన్నకు చేస్తే ఫోన్ మోగుతోంది గానీ ఎత్తడం లేదు.

మెట్ల దగ్గర నా భార్య అడ్డం నిలబడింది. "పోకు, నీ కాల్మొక్త. ఇంట్ల బిడ్డ ఉన్నది."

ఆమెను దాటుకుని ఎక్కాను గానీ, నిజం చెప్పాలంటే రెండో అంతస్తు దగ్గర జబ్బు అంటుకుంటుందని భయపడి ఆగిపోయాను, వెనక్కి దిగిపోదామనే అనుకున్నాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి పైకి వెళ్తే, అన్న స్నానాల గది గుమ్మంలో బకెట్ పక్కన పడి ఉన్నాడు, ఊపిరి మాత్రం ఆడుతోంది. నా అరుపు విని, ఇందాక తలుపేసుకున్న ఆవిడే మొహానికి కొంగు చుట్టుకుని వచ్చి కాళ్లవైపు పట్టింది. ఇద్దరం దుప్పట్లో దించి అంబులెన్సు ఎక్కించాం.

ఇరవై రోజులకు అన్న బతికి వచ్చాడు, ఊరికి వెళ్లిపోయాడు. ఆ బిల్డింగు వాళ్లంతా తలో దిక్కయ్యారు. అప్పుడు ఒకరికొకరం భయపడి చచ్చేవాళ్లమే గానీ, ఏ గదిలో ఎవరు దగ్గుతున్నారో అందరికీ తెలిసేది. ఇప్పుడు పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో మా అమ్మాయికి కూడా తెలియదు. అన్న ఫోన్ చేసినప్పుడల్లా వానల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడుకుంటాం. నేను మెట్ల మీద ఆగిపోయిన సంగతి మాత్రం ఇంతవరకూ చెప్పలేకపోయాను.