ఏకగ్రీవమని నేను రాసిన ఉత్తరం

మా రిపోర్టర్ సాబ్ పోయారన్న కబురు నాకు దుకాణంలో ఉండగా అందింది. లాడ్ బజార్‌లో పొద్దుటి బేరం అప్పుడే మొదలైంది. ఏ ఎరుపు గాజులు కావాలో తేల్చుకోలేక పెళ్లివారు నాచేత పెట్టె మీద పెట్టె విప్పిస్తున్నారు. మా క్లబ్ అధ్యక్షుడు ఫోన్ చేసి, "పెద్దాయన పోయిండు. నిద్రల్నే పోయిండంట. సంతాప తీర్మానం నువ్వే రాయాలె" అన్నాడు. సరేనన్నాను. పెళ్లివారికి గాజులు చూపించాను, బేరమాడాను, కట్టి ఇచ్చాను. వాళ్లు వెళ్లాక కూర్చుంటే ముందు ఏడుపు రాలేదు. ఇక ఆయన ముఖం చూడాల్సిన పని లేదన్న ఊరట వచ్చింది. ఒక పెద్దమనిషి పోతే ఊరటపడేంత పని నేనేం చేశానో చెప్పకుండా ఆయన్ని తలచుకోవడం నాకు చేతకాదు.

మా క్లబ్ గురించి ముందు చెప్పాలి. కార్వాన్‌లో పిండి గిర్నీ మీది గది మాది. ఆదివారం పొద్దున పది పన్నెండు మందిమి చేరతాం. వ్యాపారులం, రిటైరైన గుమాస్తాలు, ఒక హోమియో డాక్టరు. క్యారమ్ బోర్డు లేదు, పేకాట లేదు. అసెంబ్లీకీ పార్లమెంటుకూ వచ్చే బిల్లులు సంపాదించి చదువుతాం, గొంతులు చించుకుంటాం, చేతులెత్తి ఓటు వేస్తాం. తేలిన అభిప్రాయాన్ని ఉత్తరంగా రాసి ఎమ్మెల్యేకో, ఎంపీకో, సభా సంఘానికో పంపుతాం. జవాబు వచ్చిన సందర్భాలు తక్కువే. "దేశం మీ మీదనే నడుస్తున్నది మరి" అని మా ఇంటావిడ ప్రతి ఆదివారం టిఫిన్ పెడుతూ అంటుంది. దస్తూరీ బాగుంటుందని నన్ను కార్యదర్శిని చేశారు.

రిపోర్టర్ సాబ్ అంటే పత్రికల రిపోర్టర్ అనుకోకండి. అసెంబ్లీలో సభ్యులు మాట్లాడిందంతా షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించుకునే ఉద్యోగం ఆయనది. రిటైరయ్యాక మా గల్లీలో చిన్న ఇంట్లో ఉండేవారు. జేబులో రెండు పెన్సిళ్లు, ఎప్పుడూ చెక్కి ఉండేవి. పెన్ను వాడగా నేను చూడలేదు. అందరికంటే ముందొచ్చి, గిర్నీ పిండి మేటలు వేసిన కుర్చీలన్నీ తన చేతిరుమాలుతో తుడిచేవారు. అధ్యక్షుడి కుర్చీ కూడా. చాయ్ సాసర్‌లో పోసుకుని, అది చల్లారేదాకా వాదనలు వింటూ కూర్చునేవారు.

ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఇది ఎవల జాబితల ఉన్నది?" రాష్ట్రం జాబితానా, కేంద్రం జాబితానా, ఉమ్మడి జాబితానా అని. ఒకసారి రైల్వే గేటు గురించి రాష్ట్ర ప్రభుత్వాన్ని గంటసేపు ఉతికి ఆరేశాం. డాక్టరుగారు బల్ల కూడా గుద్దారు. అంతా అయ్యాక సాబ్ సాసర్ కింద పెట్టి, "రైలు ఎవల జాబితల ఉన్నది?" అన్నారు. ఆ వారం ఉత్తరం పోలేదు.

మా క్లబ్‌లో ఒక నియమం ఉంది. అది ఆయన పెట్టించిందే. ఎంత మంది ఔనన్నా, కాదన్నవాళ్ల మాటను వాళ్ల మాటల్లోనే ఉత్తరం కింద రాయాలి. ఒక్కడైనా సరే. దానికి ఆయన చెప్పిన కారణం నాకింకా గుర్తుంది.

"సభల అందరు ఒక్కసారి ఔను అంటరు. ఎనుక బెంచీల ఒకాయన కాదు అంటడు. గా లొల్లిల ఎవలకు ఇనపడతది? ముందల కూసున్న నాకు ఇనపడేది. ఇంటికి వోయినంక గూడ చెవుల్నే ఉండేది."

ఆ నియమంతో మేం పడ్డ పాట్లు తక్కువ కాదు. డాక్టరుగారు దేనికీ ఒప్పుకునే మనిషి కాదు. కొన్ని ఉత్తరాల్లో క్లబ్ అభిప్రాయం నాలుగు పంక్తులుంటే డాక్టరుగారి అసమ్మతి రెండు పేజీలు ఉండేది. అదంతా రాయలేక నాకు వేళ్లు నొప్పి పుట్టేవి. సాబ్ మాత్రం "రాయి, సెక్రటరీ. గాయన గూడ ఆదివారం పొద్దున లేసి వచ్చిండు గదా" అనేవారు.

మూడేళ్ల కిందట, పాడి పశువుల కొట్టాలను నగరం బయటికి తరలించే బిల్లు ఒకటి అసెంబ్లీకి వచ్చింది. సభా సంఘం జనం అభిప్రాయం అడిగింది. మా గల్లీ మొదట్లోనే ఒక బర్రెల కొట్టం ఉండేది. దాన్ని నడిపేది ఒక పాలామె. మొగుడు లేడు, అత్తగారి కాలం నుంచీ వస్తున్న పని. ఆ కొట్టం పక్కనే నా గాజుల గోదాం. సరుకు ఆటో లోపలికి రావాలంటే బర్రెలు దయతలచి జరగాలి. నాకు ఆ బిల్లు ఎంత నచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. క్లబ్‌లో అందరికీ నచ్చింది. డాక్టరుగారు సైతం దోమల పేరు చెప్పి చెయ్యెత్తారు.

కొట్టానికి అటుపక్క ఇల్లు సాబ్‌ది. దోమలతో, పేడ వాసనతో మా అందరికంటే ఎక్కువ వేగింది ఆయనే. అయినా కాదన్నది ఆయనొక్కరే.

"కొట్టాలు పోవాలంటే పోనియ్యిన్రి. నాకు ఎతిరేకం లేదు. గా తొమ్మిదో క్లాజు సూడున్రి. మనిషి లేకపోతే నోటీసు గోడకు అంటిస్తే సాలు, అందినట్టే లెక్క అంటున్రు. గోడ చదువుతదా? గిది ఉన్నంతసేపు నేను ఒప్పుకోను. రాసుకో, సెక్రటరీ."

రాసుకున్నాను. ఆయన చూస్తుండగానే చిత్తులో రాసుకున్నాను. ఆ మర్నాడు ఎమ్మెల్యే దగ్గరి మనిషి ఒకతను దుకాణానికి వచ్చి, ఉత్తరం తానే కమిటీకి అందిస్తానన్నాడు. "అందరు ఒక్క మాట మీద ఉంటే బరువుంటది, సేఠ్" అన్నాడు. అతను అన్నది అంతే. బెదిరించలేదు, ఆశ చూపలేదు. నేనే ఆ సాయంత్రం శుభ్రంగా సాఫు రాసేటప్పుడు "మా క్లబ్ ఏకగ్రీవంగా సమర్థిస్తున్నది" అని రాశాను. కింద హాజరైనవారి పేర్లు వరసగా రాశాను. రిపోర్టర్ సాబ్ పేరు మూడోది. గోదాం ముందు ఖాళీ జాగా కళ్ల ముందు కనబడుతుంటే చెయ్యి ఎక్కడా ఆగలేదు.

బిల్లు చట్టమైంది. కూతురు కాన్పుకని పాలామె ఆస్పత్రిలో ఉన్న వారంలో నోటీసు గోడకెక్కింది. వానకు తడిసిందో, బర్రె నాకిందో, ఆమె వచ్చేసరికి కాగితం లేదు. గడువు దాటాక లారీ వచ్చి బర్రెలను ఎక్కించుకుపోయింది. గల్లీలో నిలబడి ఆమె "నాకు ఎవ్వలు చెప్పలే, నాకు ఎవ్వలు చెప్పలే" అంటూనే ఉంది. నేను గోదాం షట్టర్ సగం దించి లోపల నిలబడ్డాను.

సాబ్ ఆమెకు అర్జీ రాసిచ్చి, సభా సంఘం ఆఫీసుకు తోడు వెళ్లారు. ఈ క్లాజు తప్పని తానే ముందుగా చెప్పానని, ఆ కాగితం ఫైల్‌లో ఉంటుందని ఆమెకు ధైర్యం చెప్పి మరీ తీసుకెళ్లారు. అక్కడి గుమాస్తా ఫైల్ తీసి నా ఉత్తరం పైకి చదివాడు.

అక్కణ్ణుంచి ఆయన నేరుగా నా దుకాణానికి వచ్చారు. అన్నేళ్లలో దుకాణానికి రావడం అదే మొదలు. మంచినీళ్లు అడిగి తాగారు. ఉత్తరం నకలు మడత విప్పి గాజుల పెట్టెల మీద పరిచారు.

"గిది నీ దస్తూరీయే గదా, సెక్రటరీ."

"నాదే, సాబ్."

"నా పేరు ఉన్నది దీంట్ల."

"అవి హాజరైనోళ్ల పేర్లు, సాబ్."

"చదివెటోనికి గది ఎట్ల తెలుస్తది?" ఆయన గొంతు పెంచలేదు. "నేను కాదన్న అని ఆమెకు చెప్పిన. గీ కాగితం చదివినంక ఆమె నా దిక్కు చూసింది. అబద్ధం చెప్పెటోన్ని చూసినట్టు చూసింది."

"తొందరల మర్చిపోయిన, సాబ్. దిద్ది మళ్లా రాస్త. ఈ ఆదివారమే రాస్త."

తొందర లేదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. "రాయి" అన్నారు. అంతలో ఎవరో గాజులు అడుగుతూ లోపలికి వస్తే, "గిరాకీ వచ్చింది, చూసుకో" అని లేచి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఆదివారం రాయలేదు. రాస్తే అధ్యక్షుడికి చెప్పాలి, అందరి ముందూ ఒప్పుకోవాలి. తర్వాత వారం చూద్దామనుకున్నాను. వారాలు అలా పోతూనే ఉన్నాయి. ఆయన మాత్రం ఒక్క ఆదివారం మానలేదు. కుర్చీలు తుడిచారు, నా కుర్చీ కూడా తుడిచారు. జాబితా ఎవరిదని అడిగారు. ఓటింగ్ వచ్చేసరికి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఔనుకూ ఎత్తరు, కాదుకూ ఎత్తరు. ఒకసారి డాక్టరుగారు ఉండబట్టలేక అడిగితే, "ఎటు లేపినా రాసేది సెక్రటరీయే గదా" అన్నారు. అందరూ నవ్వారు. నా దస్తూరీని మెచ్చుకున్నారనుకున్నారు. నేను కూడా నవ్వాను.

మొన్న ఆదివారం సంతాప సభ. తీర్మానం రాసుకుని వెళ్లాను. అందులో "ఆయన మాటకు మా క్లబ్ ఎల్లవేళలా విలువ ఇచ్చింది" అని ఒక వాక్యం పెట్టాను. ఇలాంటివి చెయ్యి తనంతట తానే రాసేస్తుంది. మెట్లెక్కబోతుంటే గిర్నీ ముందు పాలామె నిలబడి ఉంది. ఇప్పుడు ఆమె పొద్దున పూట పాకెట్ పాలు ఇంటింటికీ వేస్తుంది. మా ఇంటికి కూడా వేస్తుంది.

"సేఠ్, గా కాగితం మీద రిపోర్టర్ బాపు పేరు గట్లనే ఉంటదా ఇగ?"

"చట్టమే అయిపోయింది కదమ్మా. కమిటీ గూడ లేదిప్పుడు. రాసినా ఎవలకు పంపాలె? నీకేం ఫాయిదా?"

"నాకు ఫాయిదా అడిగిన్నా? నేను ఆ పెద్దమనిషిని ఏడాది దాకా నమ్మలే. ఇంటి ముందలికెళ్లి వోతుంటే మొకం తిప్పుకున్న. నిరుడు ఆయనే పిలిచి, నేనైతే కాదన్న బిడ్డా, రాసినంక చదివించుకోక తప్పు చేసిన అన్నడు. తప్పు తనదే అన్నడు. నువ్వు రాయి."

గిర్నీ మెట్టు మీద కూర్చుని, తీర్మానం కాగితాన్ని వెనక్కి తిప్పి రాశాను. ఆమెకు చదువు రాదు. చదివి వినిపించమంది. చదివాను.

"కొట్టాల బిల్లుపై మా క్లబ్ పంపిన అభిప్రాయం ఏకగ్రీవం కాదు. రిపోర్టర్ సాబ్ వ్యతిరేకించారు. గోడకు అంటించిన నోటీసు మనిషికి అందినట్టు కాదని ఆయన అన్నారు. ఆ మాట ఉత్తరంలో పొరపాటున తప్పిపోయింది."

"పొరపాటునా?" అంది ఆమె.

పెన్నుతో ఆ వాక్యం కొట్టేశాను. "ఆ మాటను కార్యదర్శిగా నేను తెలిసే తీసేశాను" అని రాసి, సంతకం పెట్టి, మళ్లీ చదివాను. గిర్నీ చప్పుడులో నా గొంతు నాకే సరిగా వినబడలేదు. పైన వరండాలో అధ్యక్షుడు, డాక్టరుగారు కటకటాలు పట్టుకుని, ఇంకా రాలేదేమని కిందికి చూస్తున్నారు.

ఆమె కొంగు తల మీదికి లాక్కుని వాళ్ల వైపు ఒకసారి చూసింది.

"మీదున్నోళ్లకు ఇనపడలే, సేఠ్. ఇంకోసారి చదువు."