కడగని మూత

బంగాళాదుంప తొక్కలను పులియబెట్టి లాక్టిక్ ఆసిడ్ తీసే ఫ్యాక్టరీలో మా పెద్దమ్మ ముప్పై ఏళ్లు పనిచేసింది. నేను కాలేజీ మానేసి వాళ్లింట్లో తిని పడుకున్న ఆ ఏడాది ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఒకసారి ల్యాబ్‌లో ఫ్రిజ్ చెడిపోతే, తొక్కలను పులియబెట్టే బ్యాక్టీరియా ఉన్న సీసాను ఇంటికి తెచ్చి పాల పక్కన పెట్టింది. పెరుగుకు తోడులాగా ఆ ఫ్యాక్టరీకి అది. పన్నెండేళ్లు సాకింది; పోతే మళ్లీ దొరకదు. పెదనాన్న దాన్ని విరిగిన పాలనుకుని సింకులో పారబోశారు.

పెద్దమ్మ సింకు దగ్గరికి పరుగెత్తింది. తర్వాత, "సీసా కడిగారా?" అంది.

"శుభ్రంగా తోమాను కూడా."

"మరి మూత?"

"దానికి బద్ధకమేసింది."

"పోనీలెండి, మీ బద్ధకం ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది."

తొక్కలు మరిగించిన నీళ్లు చల్లార్చి, ఆ మూతను అందులో వేసి, గిన్నెకు తన శాలువా చుట్టింది. రెండు రోజులు ఇంట్లో ఎవరమూ గట్టిగా అడుగు వేయలేదు. మూడో రోజు నీళ్లు మసకబారి, ఆమెకు తెలిసిన పులుపు వాసన వచ్చింది. "బతికింది" అంటూ పెద్దమ్మ కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత పెదనాన్న మంచినీళ్ల సీసా తీసినా, "ఇది తాగేదేనా?" అని అడిగేవారు.