లైన్లో నిలబడ్డ చెప్పు

నా చిన్నప్పుడు మా జహనుమా గల్లీలో మనుషుల కంటే ముందు చెప్పులే లైన్లో నిలబడేవి. కంట్రోలు దుకాణానికి గ్యాసునూనె వస్తుందని తెలిస్తే చాలు, తెల్లారేసరికి దుకాణం ముందు చెప్పులు, డబ్బాలు, ఇటుక ముక్కలు వరుసగా ఉండేవి. కంట్రోలు దుకాణమంటే రేషన్ షాపు, గ్యాసునూనె అంటే కిరోసిన్. మేము అట్లాగే అనేవాళ్లం. చెప్పు పెట్టేసి ఇంటికి పోయి, వంట చేసుకుని, పిల్లలకు తినిపించి వచ్చినా ఆ జాగ మనదే. ఎంత లొల్లి చేసే మనిషైనా ఇంకొకరి చెప్పును పక్కకు జరిపేవాడు కాదు. మా గల్లీలో పెద్దమనుషుల మాటకు లేని విలువ పాత చెప్పుకు ఉండేది.

మా ఇంట్లో ఉన్నది ఒకటే బల్బు. దాని కిందనే అమ్మ తెల్లవారుజామున కూర్చుని మల్లెపూలు అల్లేది. పొద్దెక్కితే పూలు వాడతాయి, వాడిన పూలు ఎవరూ కొనరు. ఆ బల్బు వెలిగితేనే మా పొయ్యి వెలిగేది. మా నాయనమ్మకు మాత్రం మీటరంటే గుబులు. లోపల తిరిగే చక్రం మనం చూస్తున్నకొద్దీ ఇంకా జోరుగా తిరుగుతుందని ఆమె నమ్మకం. చిలుక పంజరానికి కప్పినట్టు దాని మీద తువ్వాలు కప్పి, "పండుకోనియ్యిర్రి దాన్ని" అనేది.

ఆ ఏడు వానలకు మా బాపు, అంటే నాన్న, జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పురానాపూల్ దగ్గర బస్తాలు మోసే మనిషి మంచానికి అతుక్కుపోయాడు. తిండికే కటకటగా ఉంటే కరెంటు బిల్లు ఎక్కడ కట్టేది? ఒకనాడు లైన్‌మన్ వచ్చి సోమవారం వైరు కోస్తానని చెప్పిపోయాడు. చెడ్డవాడు కాదు. ఆ మాట చెప్పేటప్పుడు అమ్మ మొహం చూడలేక గోడ వైపు చూశాడు.

మా పక్కింట్లో ఒక ముస్లిం పెద్దావిడ ఉండేది, పిన్ని అన్నట్టు ఆమెను అందరం ఖాలా అనేవాళ్లం. బట్టలు కుట్టేది. ఆమె వాళ్లింట్లో మాట్లాడితే మా ఇంట్లో మాట్లాడినట్టే ఉండేది, అంత గొంతు. ఆ ఖాలాయే కబురు తెచ్చింది. ఒక్క బల్బు ఇళ్లకు కరెంటాఫీసులో పాత బిల్లు కొంత మాఫీ చేస్తున్నారట, మిగిలింది కొంచెం కొంచెంగా కట్టుకోవచ్చట, ఇంటివాళ్లు స్వయంగా వచ్చి చెప్పుకోవాలట, శనివారమే ఆఖరట.

అమ్మ దారం కొరుకుతూ తల ఎత్తలేదు. మాఫీ అన్న మాట ఆమెకు గుచ్చుకుంది. మా గల్లీలో మాఫీ అంటే తప్పు చేసినవాళ్లు తలొంచుకుని అడిగేది. పిల్లలం కొట్టుకుంటే ఈ ఖాలాయే మాచేత చెవులు పట్టించి "మాఫీ మాంగో" అనేది.

"నేనేం తప్పు చేసిన ఖాలా, మాఫీ అడగనీకి? ఆయన కాలు ఇరిగింది. గది మా తప్పా?"

"అరె, గా మాఫీ వేరే, గీ మాఫీ వేరే బేటీ."

"ఏ మాఫీ అయితేంది, లైన్ల నిలబడాలె కద. నలుగురు సూస్తే ఏమంటరు? నాతోని కాదు."

నలుగురు అన్నది గానీ అమ్మ భయమంతా ఒక్క మనిషి గురించే. గల్లీ చివర బ్యాండు మేళం అతని భార్య ఉండేది. వాళ్లు పంకా కొన్న రోజున చేతినిండా గాజులు గలగలలాడిస్తూ గల్లీనంతా పిలిచి చూపించింది. పిల్లలం ఆమెను పంకా అత్త అనేవాళ్లం. ఆమె కంట పడితే ఇంకేమన్నా ఉందా!

ఖాలా వాదించలేదు. నోరు మూసుకుని వెళ్లిపోయింది. ఆమె నోరు మూసుకున్నప్పుడే మేము జాగ్రత్తపడాల్సింది.

శనివారం పొద్దున అమ్మ పూలబుట్ట ఎత్తుకుని గడప దగ్గరికి వస్తే అక్కడ ఒక్క చెప్పే ఉంది. కుక్క ఎత్తుకుపోయిందేమోనని మంచం కింద వెతికాం, మోరీ దగ్గర వెతికాం. గోడ అవతల కుట్టుమిషన్ ఆగింది.

"నీ చెప్పా బేటీ? అది పొద్దుగాలనే కరెంటాఫీసుకు పోయింది. లైన్ల నిలబడ్డది. నీకు షరం గానీ దానికేం షరం?"

"ఏంది ఖాలా గిట్ల చేస్తివి! పోయి తెచ్చియ్యి!"

"నా మోకాళ్లు పోయినయ్. ఒక్కసారే పోగలిగిన. నువ్వే తెచ్చుకో. ఫికర్ చెయ్యకు, ఎవ్వరు ముట్టరు."

అమ్మకు ఉన్నది ఆ ఒక్క జతే. ఒక కాలికి చెప్పు, రెండో కాలికి కోపం తొడుక్కుని బయలుదేరింది. వెనకాల నేను, నవ్వు ఆపుకుంటూ.

కరెంటాఫీసు గోడ వెంట లైను చాలా దూరం ఉంది. దాని నడుమ అమ్మ చెప్పు ముద్దుగా నిలబడి ఉంది. వంగి తీసుకోబోతే వెనక ఉన్న ముసలాయన ఊరుకోలేదు.

"ఓ బిడ్డా, ఇది నీదా? పొద్దటి సంది దీన్ని కాస్కుంట నిలబడ్డ. ఇప్పుడొచ్చి తీస్కపోతనంటవా?"

అప్పుడే ముందున్న ఒక ఆడమనిషి కొంగు మొహం మీదికి లాక్కుని గోడకు తిరిగింది. కొంగు ఎంత లాక్కుంటే ఏం, ఆ గాజుల చప్పుడు మా గల్లీలో తెలియనిదెవరికి? అమ్మ మెల్లగా అడిగింది.

"ఏంది వదినె, మీ ఇంట్ల పంకా ఉంది కద. ఒక్క బల్బు లైన్ల నువ్వేంది?"

"ఉంది." కొంగులో నుంచే జవాబు. "కొన్న కాడికెల్లి తిరగలే. సూసుకోనీకి పెట్టుకున్నం."

లైనంతా గొల్లున నవ్వింది. పంకా అత్త కూడా కొంగు తీసేసి నవ్వింది. అమ్మ చెప్పు తొడుక్కుంది. కానీ అక్కడే తొడుక్కుని, అక్కడే నిలబడింది.

కిటికీ దగ్గరికి చేరాక అమ్మ ముందుగానే చెప్పేసింది, "సారూ, నేను మాఫీ అడగ. మేం తప్పు చెయ్యలే." లోపలి సారు కళ్లజోడు పైనుంచి చూశాడు. "తప్పని ఎవరన్నరమ్మా? మాఫీ చేసేది మేము. మీ ఇంట్ల బల్బులెన్ని, గది చెప్పు చాలు."

సోమవారం లైన్‌మన్ వచ్చి, వైరు కోయకుండా చాయ్ తాగి వెళ్లాడు. నాయనమ్మ మీటరు మీది తువ్వాలు తీసి ఉతికి ఆరేసింది. అమ్మ మాత్రం గోడ దగ్గర నిలబడి, "ఖాలా, నాకు మాఫీ అయింది. నా చెప్పు ఎత్తుకపోయినందుకు ఇప్పుడు నువ్వు అడగాలె మాఫీ" అంది. ఖాలా గోడ మీదుగా తల పెట్టి, రెండు చెవులూ పట్టుకుని, చిన్నపిల్లలా నవ్వింది.

ఇప్పుడు నేను ఆ నాయనమ్మ వయసుకొచ్చాను. కరెంటు తక్కువ కాల్చే ఇళ్లకు ఇప్పుడు సున్నా బిల్లు వస్తోంది. మా కింది వాటాలో కోస్తా నుంచి వచ్చిన అమ్మాయి అద్దెకుంటుంది. భర్త ఉద్యోగం పోయి నెలలయింది. దానికి వార్డు ఆఫీసులో పేరు రాయించుకో అమ్మా అంటే, "వద్దు పిన్నిగారూ, అక్కడ నిలబడితే ఎవరైనా చూస్తే ఏం బావుంటుందండీ" అంటుంది. నేనూ వాదించలేదు. సిగ్గుపడే మనిషికి మాటలతో చెప్పలేమని, ఆమె కంటే ముందు ఆమె చెప్పును పంపాలని నాకు ఖాలా ఎప్పుడో నేర్పింది.

ఈ పొద్దు కింద గడప దగ్గర ఆ పిల్ల ఏదో వెతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంకాసేపటికి పైకొచ్చి అడుగుతుంది. ఏం చెప్పాలో నాకు తెలుసు. నా మోకాళ్లు పోయాయి తల్లీ, ఒక్కసారే పోగలిగాను.