విడుపు కనపడని గ్రహణం

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. నా కళ్లతో చూశాను. ఇదిగో, ఈ అరచేత్తో పట్టుకున్నాను. ఆ రాత్రి నేను ఒక్క చుక్క కూడా తాగలేదు. తాగి ఉన్నా బాగుండేది... మైకంలో ఏదో అనుకున్నానులే అని ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

మాది కొత్తగూడ. అక్కడ అపార్ట్‌మెంట్లు లేవకముందు నుంచీ ఉన్న కుటుంబం. మాదాపూర్‌లో ఒక ఆఫీసు బిల్డింగ్‌కి కరెంటూ లిఫ్టులూ చూసుకునే సూపర్‌వైజర్ని నేను. తెల్లాపూర్ దాటాక మాకు రెండెకరాల పొలం మిగిలింది. ఒక బోరు, పక్కనే ఒక రేకుల గది. మూడు దిక్కులా ముప్పై అంతస్తుల టవర్లు లేస్తున్నాయి. పడమర మాత్రం ఇంకా ఖాళీ.

దీపావళి మర్నాడు సూర్యగ్రహణం వచ్చిన ఏడు అది. పొద్దుగూకే వేళకి పట్టింది, గుర్తుందా? మా బిల్డింగ్‌లో పనిచేసే సుధీర్ అనే ఇంజనీరు అడిగాడు.

"మల్లేశ్ గారూ, మీ పొలంలోంచి పడమర బాగా కనిపిస్తుందటగా. టెంట్లు వేసుకుని చూస్తామండి. రాత్రికి అక్కడే పడుకుంటాం."

సరేనన్నాను. ఎనిమిది మంది వచ్చారు. వంటకి మా అమ్మని తీసుకెళ్లాను. సుధీర్ భార్య అనిత కారు దిగుతుంటే చూశాం... నడుం మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా దిగింది. ఏడో నెల.

అమ్మ నన్ను పక్కకి లాగింది.

"గ్రహణం పూట కడుపుతోని ఉన్న పిల్లను పొలంల నిలవెడ్తరా? ఏంది కొడుకా ఇది?"

అది అనిత చెవిన పడింది. వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. కాకినాడ అమ్మాయి, మాట చాలా మెత్తన.

"మేం చర్చికి వెళ్లేవాళ్లమండి అమ్మగారూ. మాకా పట్టింపులు లేవు. మీరేం భయపడకండి."

"నా పానం కోసమన్నా జర గదిల కూసో బిడ్డా."

అమ్మ మాట కాదనలేక పది నిమిషాలు కూర్చుంది. తర్వాత నవ్వుతూ బయటికి వచ్చేసింది. అమ్మ తను ఇంటి నుంచి తెచ్చిన ఇత్తడి పళ్లెం గది ముందు పెట్టి, నీళ్లు పోసి, అందులో రోకలి నిలబెట్టింది. గ్రహణం ఉన్నంతసేపూ రోకలి నిలబడుతుందనీ, విడవగానే పడిపోతుందనీ మా పెద్దల నమ్మకం. నిజంగానే నిలబడింది.

సుధీర్ వంగి చూశాడు. "కింద తొడిగిన ఇనుప పొన్ను సమంగా ఉందండి. ఇది ఏ రోజైనా నిలబడుతుంది." నాకూ అదే సబబనిపించింది.

అయిదు గంటలకి పట్టింది. గ్రహణం చూసే నల్ల కళ్లద్దాల్లోంచి చూస్తే సూర్యుణ్ణి ఎవరో పక్కనుంచి కొరికినట్టుంది. వెలుగు పాత బల్బులా పలచబడింది. పిట్టలు తొందరగా చెట్లెక్కాయి. కొరికిన సూర్యుడు కొరికినట్టే... నేలలోకి దిగిపోయాడు. విడుపు ఎవరమూ చూడలేదు.

"ఆరున్నరకి పూర్తిగా విడిచిందండి," అన్నాడు సుధీర్ ఫోన్ చూసి.

అమ్మ రోకలి వైపు చూసింది. నిలబడే ఉంది.

"ఫోన్ల విడిచిందేమో. ఈడ విడవలే."

అందరూ జొన్న రొట్టెలూ కోడికూరా తిన్నారు. అమ్మ ముట్టలేదు. తెల్లారి సూర్యుడి మొహం చూశాకే తింటానంది. పదకొండుకల్లా టెంట్లలో మాటలు ఆగిపోయాయి. అమ్మ గదిలో పడుకుంది. నేను బయట, పళ్లేనికి నాలుగడుగుల దూరంలో మంచం వేసుకున్నాను.

రెండింటికి కాబోలు... మెలకువ వచ్చింది. చప్పుడుకి కాదు. చప్పుడు లేక. కీచురాళ్లు లేవు. కుక్కలు లేవు. అమావాస్య చీకటి. దూరంగా టవర్ల క్రేన్ల మీద ఎర్ర దీపాలు... వెలిగి ఆరుతున్నాయి. గాలి ఆకు కదిలేంత కూడా లేదు.

అప్పుడు విన్నాను. నీళ్లు... పళ్లెం అంచుకి తగులుతున్న సన్నటి శబ్దం. తప్... తప్... తప్...

ఫోన్ లైటు వేశాను.

రోకలి నిటారుగా ఉంది. దాని చుట్టూ నీళ్లలో వలయాలు. ఒకటి అంచుకి చేరకముందే ఇంకొకటి. ఇంకొకటి. మధ్యలోంచి పుడుతున్నాయి... రోకలి దగ్గర్నుంచి.

ఎందుకు ముట్టుకున్నానో తెలియదు. మెల్లగా... చెయ్యి చాపి... పట్టుకున్నాను.

కొట్టుకుంటోంది.

కర్ర లోపల. వెచ్చగా ఏం లేదు, చల్లటి కర్రే. కానీ లోపల కొట్టుకుంటోంది. గుర్రప్పిల్ల పరుగెత్తినట్టు... వేగంగా, చిన్నగా, ఆగకుండా. చెయ్యి తీసేయాలని ఉంది. వేళ్లు రావడం లేదు.

సర్ర్... మని టెంట్ జిప్పు.

ఉలిక్కిపడి చెయ్యి తీశాను. అనిత నిలబడి ఉంది, రెండు చేతులూ పొట్ట మీద. వెనకాల సుధీర్, మొహంలో రక్తం లేదు.

"బిడ్డ కదలడం లేదండి," అంది అనిత. "ఇందాక మెలకువ వచ్చి చూసుకున్నాను. సాయంత్రం నుంచీ కదిలిన గుర్తే లేదు."

"మీరు నడపగలరా మల్లేశ్ గారూ? నేను తన పక్కన కూర్చుంటాను," అన్నాడు సుధీర్.

అమ్మ తలుపు తీసుకుని వచ్చింది. అనితని చూసింది. రోకలిని చూసింది. "నువ్వు పిల్లను తోల్కపో. నేను ఈడ కూసుంట."

కారు ఎలా నడిపానో నాకు తెలియదు. వెనక సీట్లో అనిత లోగొంతుతో ప్రార్థన చేస్తోంది. మధ్యమధ్యలో మాట ఆగిపోతోంది, మళ్లీ మొదలుపెడుతోంది. నల్లగండ్ల దాటాం. గచ్చిబౌలి దాటాం. కొత్తగూడ చౌరస్తాలో ఫ్లైఓవర్ పని నడుస్తున్న రోజులవి. బారికేడ్ల దగ్గర స్లో చేశాను. అప్పుడు ఫోన్ మోగింది. అమ్మ.

"పడ్డదిరా," అంది. అంతే.

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి... "అమ్మా!"

కారు అక్కడే ఆపేశాను.

"తన్నింది... సుధీర్, తన్నింది! ఇక్కడ, చెయ్యి పెట్టు..."

సుధీర్ చెయ్యి పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అయినా దవాఖానకి తీసుకెళ్లాను. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ బాగా కోప్పడింది, కదలిక తగ్గిందని అనుమానం రాగానే ఏ వేళైనా పరుగెత్తుకు రావాలని. పొట్ట మీద మిషన్ పెట్టింది. కర్టెన్ ఇవతల నేను. బిడ్డ గుండె చప్పుడు గదంతా నిండింది.

గుర్రప్పిల్ల పరుగు.

గోడ పట్టుకుని కూర్చుండిపోయాను.

నేనూ ఆలోచించాను. రాత్రిళ్లు టవర్ల పనికి కాంక్రీటు లారీలు తిరుగుతాయి, ఆ అదురుకి నీళ్లు కదిలి ఉండొచ్చు. నా చేతికి తెలిసింది భయపడిన నా నాడే కావచ్చు. డాక్టరమ్మ చెప్పినట్టు కడుపులో బిడ్డ నిద్రపోయి ఉండొచ్చు. అన్నీ సరిపోతాయి, విడివిడిగా. రోకలి ఎలా పడిందని అమ్మని అడిగాను. "నేను ముట్టలే," అంది. తర్వాత చాలాసార్లు అదే రోకలిని అదే పళ్లెంలో నిలబెట్టాను. సుధీర్ చెప్పినట్టే, మామూలు రోజుల్లో కూడా నిలబడుతుంది. వట్టి కర్రలాగే ఉంటుంది.

ఆడపిల్ల పుట్టింది. బంగారంలా ఉంది, ఏ లోపమూ లేదు. అమ్మా నేనూ చూడటానికి వెళ్లాం. అమ్మ పిల్లని ఒళ్లో పెట్టుకుని ఊపుతుంటే అనిత అడిగింది.

"అమ్మగారూ, ఆ రాత్రి వేళ ఏం దంచారండీ?"

అమ్మ చెయ్యి ఆగింది.

"నిద్రలో చాలాసేపు విన్నానండి. దం... దం... అని. ఆ చప్పుడుకే మెలకువ వచ్చింది. లేకపోతే తెల్లారేదాకా అలాగే పడుకునేదాన్ని. బిడ్డ కదల్లేదని తెలిసేదే కాదు."

మా పొలంలో రోలు లేదు. ఎప్పుడూ లేదు. ఆ రాత్రి చీమ చిటుక్కుమన్నా నాకు వినిపించేది... మరి దంచుతున్న చప్పుడేదీ నేను వినలేదు.

"పసుపు దంచిన బిడ్డా," అంది అమ్మ.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగాను, "అబద్ధం ఎందుకాడినవే?"

అమ్మ రోడ్డు వైపు తిరిగింది.

"మరేం జెప్పమంటవురా," అంది.