ఆషాఢంలో ప్లేస్‌మెంట్

రామస్వామి నాచారంలో పుట్టి, నాచారంలోనే పెరిగి, చుట్టుపక్కల బస్తీలన్నిటికీ సంబంధాలు కుదిర్చిన మనిషి. ఆయన్ని నడిచే పంచాంగం అనేవాళ్లు. తాను కలిపిన జంట విడిపోయిందన్న మాట ఏనాడూ ఆయన చెవిన పడలేదు. పడినా ఒప్పుకునే రకం కాదు. అలాంటి మనిషి యాభై దాటాక కాలేజీలో ప్లేస్‌మెంట్ ఆఫీసర్ ఎలా అయ్యాడంటే, అందులో ఆయన గొప్పా లేదు, కాలేజీ గొప్పా లేదు. అంతా ఇంటర్నెట్ చేసిన నిర్వాకం.

సంబంధాలన్నీ వెబ్‌సైట్లలోకి ఎక్కాక రామస్వామి సంచిలో ఫోటోలు సంచిలోనే వెలిసిపోయాయి. సరిగ్గా అప్పుడే, నాచారంలో ఎంసీఏ, ఎంబీఏ కాలేజీ నడుపుతున్న నరసింహమూర్తికి ఒక చిక్కొచ్చి పడింది. తనిఖీకి వచ్చినవాళ్లు, పీజీ పిల్లలకు చదువులోనూ ఉద్యోగాల్లోనూ సాయం చేసే విభాగం ఏదని అడిగారు. ఆయన మెట్ల కింది గదికి బోర్డు కొట్టించాడు. బోర్డు కింద కూర్చోడానికి మనిషి కావాలి. తన కొడుక్కి పిల్లను వెతికిపెట్టిన రామస్వామి గుర్తొచ్చాడు.

“పని అదే రామస్వామీ,” అన్నాడు నరసింహమూర్తి. “ఇక్కడ పిల్లలున్నరు, అక్కడ కంపెనీలున్నయి. కలుపుడే.”

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. రామస్వామి పిల్లల బయోడేటాల్లో ఎత్తు, ఛాయ, మేనమామల ఊరు రాయించాడు. కంపెనీవాళ్లు ఫోన్ చేస్తే, “మీ తరఫున ఎంతమందొస్తరు, అందులో మాంసం తిననోళ్లెందరు?” అని అడిగేవాడు. పైగా ఇల్లు చూడనిదే పిల్లనివ్వడం ఆయన వంశంలో లేదు. కంపెనీ పేరు చెప్పగానే బస్సెక్కి వెళ్లి, ఎదురుగా ఉన్న పాన్ డబ్బాలో ఆరా తీసి, లోపలికెళ్లి నీళ్ల వసతి చూపించమనేవాడు. ఒక కంపెనీలో వంటగది ఎక్కడని అడిగితే సెక్యూరిటీ వాళ్లు రెక్క పట్టుకుని బయటికి నడిపించారు. మూడేళ్లు గడిచాయి. ఒక్క పిల్లకూ ఉద్యోగం కుదరలేదు.

అయితే ఒక్క సంగతి మాత్రం ఆయనకు బాగా తెలుసు. ఇంటర్వ్యూ అయ్యాక కంపెనీవాళ్లు ఇంగ్లీషులో నవ్వుతూ చెప్పే మాటకూ, పెళ్లిచూపుల్లో పకోడీలు తిని లేస్తూ మగపెళ్లివారు చెప్పే మాటకూ తేడా లేదు. ఇంటికి పోయి కబురు చేస్తాం. ఆ కబురు రాదు.

ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు విన్నది ప్రవీణ. సిద్దిపేట దిక్కు నుంచి వచ్చి నాచారం ఫ్యాక్టరీలో మిషన్ నడిపే మనిషి కూతురు. ఎంసీఏ ఫస్ట్ క్లాసు. చదివిందంతా బుర్రలోనే ఉంటుంది, ఎదుట కొత్త మనిషి కనబడితే గొంతులోంచి బయటికి రాదు. కొత్త బ్యాచ్ పరీక్షలు అయిపోవచ్చాయి. ఆ పిల్లలు బయటికొస్తే పాత బ్యాచ్‌ను ఇక ఎవరూ పిలవరు.

“ఇగ వచ్చే కంపెనీ గూడ పోతే మా బాపు కంపెనీల ప్యాకింగ్‌కు పోత సార్,” అంది ప్రవీణ.

“నేను పోనియ్య బిడ్డా,” అన్నాడు రామస్వామి. అని, ఆ మాటకు ఇంటికెళ్లి నిద్రపట్టక దొర్లాడు. ఆ పిల్ల తన కడుపున పుట్టకపోయినా ఆయన ప్రాణం దాని చుట్టూ తిరిగేది.

ఆ ఏడు, అంటే రెండువేల పదకొండులో, పోచారం వైపు ఉన్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ వస్తానంది. రెండు ఉద్యోగాలు. తీరా వాళ్లిచ్చిన రోజే తెలంగాణ బంద్ పడింది. కాలేజీలు మూత, బస్సులు బంద్. ఆ రోజు తప్పితే వేరే కాలేజీకి పోతామని కంపెనీవాళ్లు తెగేసి చెప్పారు.

రామస్వామి తల పట్టుకుని కూర్చుని, చటుక్కున లేచాడు. ఎంత బంద్ అయినా పాల బండిని వదులుతారు, అంబులెన్స్‌ను వదులుతారు, పెళ్లి కారును వదులుతారు. ఉప్పల్లో ఫంక్షన్ హాలున్న హన్మయ్య దగ్గరికి వెళ్తే, “తీస్కోయే, ఎట్లైనా ఖాళీగనే ఉంది,” అని సంతోషంగా తాళాలిచ్చాడు. ఎందుకు ఖాళీగా ఉందో రామస్వామి ఆలోచించలేదు. పిల్లలందరినీ పట్టుబట్టల్లో రమ్మన్నాడు. కొందరికి అనుమానం వచ్చింది గానీ, సార్‌కు తెలియనిదా అని ఊరుకున్నారు.

కంపెనీ తరఫున ఇంటర్వ్యూ చేసే రామకృష్ణకు పోచారంలోనే జరీ పంచె కట్టించి, నుదుట బాసికం కట్టి, బుగ్గన చుక్క పెట్టి, బంతిపూల కారులో కూర్చోబెట్టాడు.

“నాకు పెళ్లై ఇద్దరు పిల్లలండీ,” అన్నాడు రామకృష్ణ బెదిరిపోయి.

“ఎవరికి కాలే సార్? సప్పుడు జెయ్యక కూసోన్రి.”

కారు బోడుప్పల్ దగ్గరికి రాగానే కండువాల కుర్రాళ్లు అడ్డం పడ్డారు. వాళ్ల నాయకుడు ప్రశాంత్ అనే గడ్డపు కుర్రాడు. కారులోకి తొంగిచూసి, దారి ఇవ్వబోయి ఆగాడు.

“మామా, ఇది ఆషాఢం గదనే. ఆషాఢంల పెండ్లేందే?”

రామస్వామి గబగబా వేళ్ల మీద మాసాలు లెక్కపెట్టుకున్నాడు. ఇన్ని పెళ్లిళ్లు చేసిన చేత్తో, శూన్యమాసంలో ముహూర్తం పెట్టాడు. మూడేళ్ల ప్లేస్‌మెంట్ ఆయన్ని ఎంత భ్రష్టు పట్టించిందో చూడండి.

“లవ్ మ్యారేజ్ బిడ్డా,” అన్నాడు ఎలాగో. “ప్రేమకు శ్రావణమేంది, ఆషాఢమేంది.”

కుర్రాళ్ల మొహాలు మెత్తబడ్డాయి. “పిల్ల తరఫోళ్లు ఒప్పుకున్నరా?” అని అడిగాడు ప్రశాంత్. రామస్వామి తల అడ్డంగా ఊపాడు.

“ఫికర్ జెయ్యకు. మేమున్నం. ఎవడొస్తడో సూస్తం.”

ముందు బండ్లు, వెనక బండ్లు, మధ్యలో హారన్లతో పెళ్లికొడుకు. బంద్ రోజున బంద్ వాళ్లే ఊరేగించి తెచ్చిన కంపెనీ ఇదొక్కటే అయివుంటుంది. హాలు చేరగానే కుర్రాళ్లు గేటుకు తాళం వేసి, గొడవకు వస్తాడనుకున్న ఆడపిల్ల తండ్రి కోసం కాపలా కూర్చున్నారు. ప్రశాంత్ లడ్డూ పట్టుకుని స్టేజీ మీదికే వచ్చాడు.

“పిల్లేది?”

ఇంటర్వ్యూకు మొదటి పేరు ప్రవీణదే. అమ్మనడిగి తెచ్చుకున్న పట్టుచీరలో ముందు నిలబడి ఉంది. రామస్వామికి వేరే దారి లేక ఆమెనే చూపించి, రామకృష్ణ ఎదుట కూర్చోబెట్టాడు.

“ఇగ కట్టు బావా,” అన్నాడు ప్రశాంత్.

రామకృష్ణ బోనాల మేకలా చూశాడు. రామస్వామి మధ్యలో దూరాడు. “ఆగు బిడ్డా. సదువుకున్నోళ్లు గద. పిల్లగాడు పిల్లను నాల్గు మాటలు అడిగినంకనే కడ్తడట.”

రామకృష్ణ బాసికం పైకి తోసుకుని గొంతు సవరించుకున్నాడు. “డేటాబేస్‌లో నార్మలైజేషన్ ఎందుకు చేస్తారు?”

ఎప్పుడూ కొత్త మనిషి ముందు వణికే ప్రవీణ ఆయన్ని చూసింది. బుగ్గ చుక్క చెమటకు కారిపోతోంది. తనకంటే భయపడే మనిషిని ఆమె ఇంటర్వ్యూలో చూడ్డం అదే మొదలు. గొంతు దానంతటదే తెరుచుకుంది.

“ఒకే సంగతిని పది చోట్ల రాస్తే, ఒక దగ్గర మార్చి ఇంకో దగ్గర మర్చిపోతం సార్. అప్పుడు ఏది నిజమో తెల్వది. అందుకే ఒక్క దగ్గరనే ఉంచుతం.”

ప్రశాంత్ నోటి దాకా వచ్చిన లడ్డూ ఆగిపోయింది. “ఇగ టేబుళ్లు కలిపే జాయిన్స్ అడుగుతడు,” అన్నాడు నెమ్మదిగా. రామకృష్ణ జాయిన్సే అడిగాడు.

“మామా, ఇది పెండ్లి కాదు.”

రామస్వామి చేతులు జోడించాడు. “కాదు బిడ్డా. ఇంటర్వ్యూ. ఈ పిల్లకు ఇదే ఆఖర్ది. కొట్టేదుంటే నన్ను కొట్టు. ఆమెను మాత్రం పూర్తిగ జెప్పనియ్యి.”

ప్రశాంత్ లడ్డూ పక్కన పెట్టి బయటికి వెళ్లాడు. కుర్చీలు విరుగుతాయని అందరూ గోడలకు అతుక్కుపోయారు. ప్రవీణ మాత్రం ఆగకుండా జవాబు చెబుతూనే ఉంది. కాసేపటికి కుర్రాళ్లంతా లోపలికొచ్చారు. మొహాలు కడుక్కున్నారు, చొక్కాలు లోపలికి దోపుకున్నారు, కండువాలు మడిచి జేబుల్లో పెట్టుకున్నారు. వచ్చి, వరసలో నిలబడ్డారు.

“సార్,” అన్నాడు ప్రశాంత్, “ఎంసీఏ అయి రెండేండ్లయింది. మమ్మల్ని గూడ జర అడుగుతరా?”

గేటు తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంది. రామకృష్ణ అడుగుతానన్నాడు. పొద్దుగూకే దాకా, బాసికంతోనే అడిగాడు.

వారం తిరక్కుండా ఫోనొచ్చింది. ఒక ఉద్యోగం ప్రవీణకు. ఆ మాట విని ఆమె నవ్వుతూ ఏడ్చింది, రామస్వామి ఏడుస్తూ నవ్వాడు. ప్రవీణ వాళ్ల బస్తీలో కొందరు ఇప్పటికీ అల్లుడెక్కడని వాళ్లమ్మను అడుగుతుంటారు, అది వేరే సంగతి. రెండో ఉద్యోగం గేటు కాడ కాపలా కూర్చున్న చెంగిచెర్ల కుర్రాడు జీవన్‌కు వచ్చింది. నరసింహమూర్తి మండిపడ్డాడు.

“మన లడ్డూలు తినిపిచ్చి, మన సీటు బయటోనికి ఇప్పిస్తవా?”

“ఒక పెండ్లిల ఇంకో పెండ్లి కుదురుడు ఎప్పటికీ ఉన్నదే సార్,” అన్నాడు రామస్వామి.

మర్నాడు మెట్ల కింది గదికి ప్రశాంత్ వచ్చాడు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

“మామా, మళ్ల గిసొంటి పెండ్లి ఎప్పుడున్నా ముందుగాల జెప్పు. ఆ రోజు మా దిక్కు బంద్ ఉండది.”

బంద్ పెట్టేదే ఉద్యోగాల కోసమని, దాన్ని ఆపుతానంటున్నదీ అందుకేనని ఆ కుర్రాడికి తెలుసో లేదో. రామస్వామి అలవాటు కొద్దీ “ఇంటికి పో బిడ్డా, కబురు చేస్త” అనబోయి, సగంలో నోరు మూసుకున్నాడు. లేచి కుర్చీ ఆయనే జరిపాడు.

“ఇంటికి పోతే కబురు రాదు, నాకెరుక,” అన్నాడు. “గీడ్నే కూసో.”