చౌరస్తాలో నీలం కోటు

జనగామలో మేము ఎంబీఏ చదివిన రోజుల్లో ఉద్యోగం రావడానికీ, వచ్చినట్టు ఫ్లెక్సీ పడడానికీ పెద్ద తేడా ఉండేది కాదు. ఉంటే గింటే ఫ్లెక్సీయే ముందు వచ్చేది. మా కాలేజీ ఊరి చివర, పత్తి చేన్ల మధ్య ఉండేది. వినియోగదారుడి మనస్తత్వం మీద పాఠం జరుగుతుంటే కిటికీ అవతల బర్రెలు నిలబడి చూసేవి (మాకంటే అవే శ్రద్ధగా వింటాయని డైరెక్టర్ సార్ అభిప్రాయం; నేనూ కాదనలేను).

చివరి సెమిస్టర్‌లో హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇంటర్వ్యూలకు వచ్చింది. నా బలహీనత ఏమిటని అడిగితే, ఇంగ్లిష్ అని తెలుగులో చెప్పాను. వాళ్లు మర్యాదగా నవ్వి, "మేమే ఫోన్ చేస్తాం" అన్నారు. ఆ మాటకు లోకమంతా చెప్పుకునే అర్థం ఒకటి. మా సార్ మాత్రం ఆశావాది. వారం తిరక్కుండానే చౌరస్తాలో 'మా మేనేజర్లు' అంటూ ఫ్లెక్సీ లేచింది. షాపతని కంప్యూటర్‌లో ఉన్నది ఒకటే నీలం కోటు, ఒకటే ఎర్ర టై. నాతో సహా అందరి తలకాయలూ దానికే అతికించాడు. మా క్లాసులో కురవి నుంచి వచ్చే అక్క జడ కూడా టై పక్కనే బుద్ధిగా వేలాడుతోంది. తీయించమని సార్‌ను బతిమాలాను. "అడ్మిషన్ల టైం, జర ఆగు. ఫోన్ చెయ్యం అని వాళ్లు చెప్పలే గద" అన్నారాయన.

ఈలోపు యూరియా కోసం బచ్చన్నపేట నుంచి వచ్చిన మా బాపు దాన్ని చూశాడు. సాయంత్రానికి మా ఊళ్లో అందరూ ఆయన పోయించిన చాయ్ తాగేశారు. మేనత్త ఫోన్ చేసి "ఏం మేనేజర్ సాబ్, మాట్లాడుతవా మాతోని" అంది. మరో రెండు రోజులకు బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని మళ్లీ వచ్చి, నన్ను ఫ్లెక్సీ కింద నిలబెట్టి ఫోన్ పైకెత్తాడు. "జర పక్కకు జరుగు. పైనున్నోడు, కిందున్నోడు ఇద్దరు రావాలె."

"బాపు, గా కంపెనోళ్లు ఫోన్ చెయ్యలే. ఇగ చెయ్యరు గూడ."

ఫోన్ మెల్లగా దించాడు. "అంటే నౌకరి లేదు."

"లేదు."

"మరి కోటు?"

"గది షాపోళ్లది. అందరికి గదే."

"గదీ లేదా" అన్నాడు, ఉద్యోగం కంటే దానికే ఎక్కువ నొచ్చుకున్నట్టు. అయినా ఫొటో మాత్రం తీసుకున్నాడు. "ఊరంత చెప్పుకున్న బిడ్డా. నేను మల్ల ఇంటింటికి పోయి కాదని చెప్పలేను. దసరాకు వచ్చేటాళ్లకు నువ్వే దాన్ని నిజం చెయ్యి."

కాలేజీలో ఎవరూ నాకు ఇంత స్పష్టమైన లక్ష్యం ఇవ్వలేదు. మహబూబాబాద్‌లో ఎక్కని షోరూం మెట్టు లేదు. చివరికి దసరా ముందర, భూపాలపల్లిలో డ్రిప్ పైపులు అమ్మే డీలర్ నన్ను ఏరియా మేనేజర్‌గా పెట్టుకున్నాడు. ఏరియా అంటే బండి పోయినంత దూరం. నా కింద పనిచేసేది నేనొక్కణ్నే. పండక్కి ఊరెళ్తే అడగనే అడిగారు, "కోటేదిరా" అని. నేను నోరు తెరిచేలోపే బాపు, "ఎండకు తొడుగడు" అన్నాడు.

అడ్మిషన్లు అయ్యాక దించేసిన ఫ్లెక్సీని బాపు సార్‌ను అడిగి తెచ్చుకున్నాడు. ఆ కార్తీకంలో కాలం కాని వాన పడింది. వాకిట్లో పత్తి కుప్ప మీద మా బ్యాచంతా నీలం కోట్లతో వెల్లకిలా పడుకుని రాత్రంతా తడిసింది. కుప్ప మాత్రం తడవలేదు. మా చదువు ఇంటికి తెచ్చిపెట్టిన మొదటి లాభం అదే.

ఇప్పుడు నాకు భూపాలపల్లిలో సొంత పైపుల దుకాణం ఉంది. మొన్న కాలేజీ వాళ్లు పూర్వ విద్యార్థుల సభకు రమ్మని, ఫ్లెక్సీ నమూనా ఫోన్‌కు పంపారు. పాత ఫొటోనే, ఆ నీలం కోటే. నాకు పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. కోటు మాత్రం అలాగే ఉంది. దాని పైన, రాని ఫోన్ కోసం ఎదురుచూస్తున్న ఆ బక్క పిల్లగాణ్ని చూసి, ఏం కాదులేరా అనాలనిపించింది. బాపుకు పంపితే వెంటనే ఫోన్ చేశాడు.

"మంచిగున్నది. సభ అయినంక గా ఫ్లెక్సీ ఎవలకిస్తరో అడుగు. పాతది చినిగింది."

అడిగాను. నాకే ఇస్తారట.