మీ రాష్ట్రమే మేలు

మా ఆస్పత్రి క్యాంటీన్లో ఒక మూల బల్ల దగ్గర ఎనిమిదేళ్ళ పాటు ఒకటే తగువు నడిచింది. ఆంధ్రాలో బతుకు బాగుందా, తమిళనాడులో బతుకు బాగుందా అని. తగువు పడే ఇద్దరూ డాక్టర్లే. ఉండేది ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో, కౌన్సిల్ టాక్స్ కట్టేది షెఫీల్డ్‌లో, వానలో తడిసేదీ షెఫీల్డ్‌లోనే. మధ్యాహ్నం ట్రే పట్టుకుని కూర్చోగానే మాత్రం ఇద్దరూ బంగాళాఖాతం ఒడ్డుకి వెళ్ళిపోయేవాళ్ళు. నాది పక్క బల్ల కాబట్టి నాకు వినక తప్పేది కాదు.

శేషగిరి గారిది గూడూరు. స్కాన్లు చూసి రిపోర్టు చెప్పే డాక్టరు. రోజంతా చీకటి గదిలో తెర ముందు కూర్చునే మనిషి కావడంతో వెలుతురు పడితే కళ్ళు నొప్పులంటూ గోడవైపు కుర్చీలోనే కూర్చునేవారు. ఇళంగోవన్ గారిది కడలూరు. ఆపరేషన్ థియేటర్లో మత్తిచ్చే డాక్టరు. కిటికీలు లేని గదిలో పొద్దుటినుంచీ నిలబడి వచ్చేవారు కాబట్టి ఎండ ఉన్నా లేకపోయినా కిటికీ పక్క కుర్చీ ఆయనది. వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేస్తూ గూడూరులో చాలాకాలం ఉన్నారట. ఇళంగోవన్ గారు అక్కడి క్వార్టర్స్‌లో పెరిగారు. అందుకే మా విజయవాడ చెవికి ఆయన తెలుగు అచ్చం నెల్లూరు తెలుగే. కోపం వచ్చినప్పుడు మాత్రం మధ్యలో ఒక తమిళ 'పా' దూరేది.

తగువుకి నియమాలుండేవి. సినిమాల మాట తేకూడదు, నాయకుల మాట అసలు తేకూడదు. మామూలు మనిషి పొద్దున్న లేచి ఎలా బతుకుతున్నాడు, అంతే. బస్సు వస్తుందా, బడిలో అన్నం పెడతారా, కరెంటు ఉంటుందా, జ్వరం వస్తే మందు దొరుకుతుందా.

"మా దగ్గర ఏ పల్లెలో నిలబడినా బస్సొస్తుంది పా. మీ దగ్గర బస్సు కోసం నిలబడితే గడ్డం పెరుగుతుంది" అనేవారు ఇళంగోవన్ గారు.

"వస్తుందిలే. ఆ బస్సెక్కి ఏం జేస్తారు? నీళ్ళ లారీ యాడుందో వెతుక్కుంటా పోతారు. మద్రాసులో బిందెల క్యూ నేను చూళ్ళేదనుకున్నావా? మా కండలేరు డ్యాము నుంచి కృష్ణ నీళ్ళు పోకపోతే మీవోళ్ళు మొహం యాడ కడుక్కుంటారయ్యా?"

"నీళ్ళిచ్చి నీళ్ళిచ్చి చెప్పుకుంటుండారు. మీ నెల్లూరోళ్ళకి ఒంట్లో బాలేకపోతే ఏ రైలెక్కుతారు? నువ్వు పుట్టింది ఏ ఊరి ఆస్పత్రిలో?"

శేషగిరి గారు పుట్టింది మద్రాసులో. ఈ మాట వచ్చిన రోజు ఆయన గొంతు తగ్గేది. తగ్గినా ఒప్పుకునేవారు కాదు. ఎనిమిదేళ్ళలో ఒక్క విషయంలోనైనా ఆయన ఒప్పుకోగా నేను వినలేదు. కాఫీ సంగతి కూడా ఒప్పుకోలేదు. కాఫీ పెట్టడం మీవోళ్ళే మా దగ్గర నేర్చుకున్నారని వాదించేవారు, పచ్చి అబద్ధం.

నేను పిల్లల డాక్టర్ని కాబట్టి నన్ను మధ్యలోకి లాగేవారు. "ప్రఫుల్లా, నువ్వు చెప్పమ్మా, పసిపిల్లలు ఎక్కువ బతికేది యాడ?" నిజం చెబితే సొంత రాష్ట్రానికి ద్రోహం, చెప్పకపోతే చదువుకి ద్రోహం. "ఇద్దరూ తిని లేవండి, బ్లీప్ మోగుతోంది" అని నడుముకున్న పేజర్ చూపించి తప్పించుకునేదాన్ని.

ఇంకో వింత చెప్పాలి. శేషగిరి గారు టిఫిన్ డబ్బాలో పెరుగన్నం, గూడూరు నిమ్మకాయ ఊరగాయ తెచ్చుకునేవారు. ఇళంగోవన్ గారు క్యాంటీన్ బంగాళాదుంప కొనుక్కుని, ఆంధ్రాని తిడుతూనే ఫోర్కు చాపి ఆ డబ్బాలోంచి ఊరగాయ ముక్క తీసుకునేవారు. అడిగేవారు కాదు. శేషగిరి గారు డబ్బాని కాస్త అటు జరిపేవారు.

చాలాకాలం నాకు వీళ్ళని చూస్తే నవ్వూ, చిరాకూ వచ్చేవి. చదువుకున్న మగాళ్ళు పిల్లల్లా ఇదేం గోల అనుకునేదాన్ని. శేషగిరి గారి ఫ్లాట్‌కి ఒకసారి ఏదో పని మీద వెళ్ళాక నవ్వు తగ్గింది. గుట్ట మీద ఒంటి ఫ్లాట్. వంటింట్లో ఒకే కంచం, ఒకే గ్లాసు ఆరబెట్టి ఉన్నాయి. భార్య విమల గారు లండన్ పక్కన స్టాన్‌మోర్‌లో జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు. కొడుకు అనిరుధ్ చదువు కోసమని తల్లీకొడుకులు అక్కడ ఉండిపోయారు. ఈయనకి ఇక్కడ ఉద్యోగం వదలడం కుదరలేదు, ఆవిడకి అక్కడి క్లినిక్ వదలడం కుదరలేదు. మొదట్లో వారం వారం రైలెక్కేవారు, తర్వాత డ్యూటీల రోటా చూసుకుని వెళ్ళేవారు, ఆ తర్వాత పండక్కి. ఫోన్లో కొడుకుని "ఏం నాయనా, అన్నం తిన్నావా?" అంటే "Yeah, Dad. You all right?" అనేవాడట. అంతటితో మాటలైపోయేవి. శనాదివారాలు ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని తెలుగు పేపర్లన్నీ చదివి సోమవారం తగువుకి సరుకు సిద్ధం చేసుకునేవారు. ఆయన వారం మొత్తం మీద నోరారా తెలుగు మాట్లాడేది ఆ బల్ల దగ్గరే.

ఇళంగోవన్ గారిదీ అంతకంటే గొప్ప సంసారమేం కాదు. భార్యకి చెన్నైలో బ్యాంకు ఉద్యోగం, ఒక కూతురు. ఏడాది శిక్షణకని వచ్చి, ఇదుగో వచ్చే ఏడాది వెళ్ళిపోతానంటూ ఆస్పత్రి వాళ్ళిచ్చిన గదిలో ఏళ్ళు గడిపేశారు.

సునామీ వచ్చినప్పుడు మాత్రం తగువు ఆగింది. కడలూరులో ఇళంగోవన్ గారి అక్క వాళ్ళు బతికి బయటపడ్డారు గానీ చిన్నప్పుడు సెలవులకి వెళ్ళి ఆయన తిరిగిన వీధులు లేవు, తెలిసినవాళ్ళు చాలామంది లేరు. ఆయన ట్రే ముందు పెట్టుకుని తినకుండా కూర్చునేవారు. శేషగిరి గారూ మాట్లాడేవారు కాదు. అలా కొన్నాళ్ళు గడిచాక ఒకరోజు ఉన్నట్టుండి, "ఏమయినా గానీ, మీవోళ్ళ సాంబారు మాత్రం నీళ్ళే గదయ్యా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఏం మనిషి ఈయన, సమయం సందర్భం లేదా అనుకున్నాను. ఇళంగోవన్ గారు తలెత్తి చూశారు. "నీళ్ళా? మీది పప్పు గాదు పా, సిమెంటు" అన్నారు. ఆ వారంలో మొదటిసారి ఆయన ట్రే ఖాళీ అయింది. వీళ్ళ భాష నాకు అప్పుడు కొంచెం అర్థమైంది.

రెండువేల ఏడు శరదృతువులో ఇళంగోవన్ గారు చిక్కిపోవడం మొదలుపెట్టారు. ప్యాంటు వదులైంది, నడుము నొప్పి అనేవారు. "ఈ ఊరి బంగాళాదుంపలు తినీ తినీ ఒంట్లో రక్తం పోయింది" అని నవ్వేవారు. సర్జన్ స్కాన్ చేయించమన్నాడు. మా దగ్గరే చేశారు. గురువారం క్లినిక్కులో సర్జన్ ఫలితం చెప్పాలి.

మంగళవారం పొద్దున్న శేషగిరి గారు చీకటి గదిలో పని చేసుకుంటుంటే పక్క తెర ముందున్న ఇంగ్లీషు డాక్టరమ్మ, ఒకసారి ఇది చూస్తారా అని పిలిచింది. ఆయన వంగి చూశారు. ప్యాంక్రియాస్‌లో గడ్డ, కాలేయం నిండా మచ్చలు. ఇది చేయి దాటిపోయింది, పాపం ఎవరో, అన్నారు. అన్నాక తెర మూల పేరు కనిపించింది. ఇదంతా ఆయన తర్వాత నాకు చెప్పారు.

ఆ మధ్యాహ్నం ఆయన క్యాంటీన్‌కి రాకుండా ఉండవలసింది. ఏ జ్వరమో వచ్చిందని ఇంటికి పోవలసింది. కానీ రాకపోతే ఇళంగో ఒక్కడే తినాలి కదా అనుకున్నారట. రోగి సంగతి బయటపెట్టకూడదన్న నియమం ఆయనకి తెలుసు. ఇంకా రెండు రోజులు ఆ మనిషిని హాయిగా తిననివ్వాలనుకున్నారు. వచ్చారు, గోడవైపు కూర్చున్నారు, డబ్బా తెరిచారు.

ఇళంగోవన్ గారు మంచి ఉత్సాహంగా ఉన్నారు. "మా ఊర్లో ఇప్పుడు బడి పిల్లలకి వారానికి మూడేసి గుడ్లు పెడుతుండారు తెలుసా? మీవోళ్ళకి గుడ్డంటే తెలుసా అసలు? చదువైనా, వైద్యమైనా, ఆడపిల్ల రోడ్డు మీద నడిచేదైనా, మా దగ్గరే గదా బతుకు?" అంటూ అలవాటుగా ఫోర్కు చాపారు.

శేషగిరి గారు డబ్బా మొత్తం ఆయన ముందుకి తోసేశారు.

"అవునయ్యా. నువ్వు చెప్పిందే నిజం. మీ రాష్ట్రమే మేలు" అన్నారు.

నేను తింటున్న ముద్ద ఆపి అటు చూశాను. ఇళంగోవన్ గారి ఫోర్కు గాలిలో ఆగింది. మెల్లగా దాన్ని బల్ల మీద పెట్టారు.

"శేషూ," అన్నారు, "నా స్కాన్ చూసినావా?"

శేషగిరి గారు డబ్బాలోని పెరుగన్నంలోకి చూస్తూ కూర్చున్నారు. కళ్ళనీళ్ళు ఆపుకోవడం ఆయనకి చేతకాలేదు. చుట్టూ నర్సులు ట్రేలు సర్దుకుంటున్నారు, ఎవరో బిగ్గరగా నవ్వుతున్నారు.

"ఎనిమిదేళ్ళయింది. కాఫీ కూడా ఒప్పుకోలేదే నువ్వు" అన్నారు ఇళంగోవన్ గారు. ఆయన గొంతులో భయం కంటే కోపమే ఎక్కువ వినబడింది నాకు. "రెండు రోజులు ఆగలేకపోయినావా పా?"

"తప్పయిపోయింది రా."

"అయితే వెనక్కి తీసుకో. ఇప్పుడే తీసుకో. నేనింకా చావలేదు."

శేషగిరి గారు చేత్తో మొహం తుడుచుకున్నారు. "గుడ్లు పెడితే సరా?" అన్నారు బొంగురుగా. "ఆ పిల్లోళ్ళకి తాగేదానికి నీళ్ళు యాడివి?"

"అట్టా రా దారికి" అన్నారు ఇళంగోవన్ గారు. ఫోర్కు తీసి ఊరగాయ ముక్క గుచ్చుకున్నారు గానీ నోట్లో పెట్టుకోలేకపోయారు.

నవంబరులో ఆయన చెన్నై వెళ్ళిపోయారు. శేషగిరి గారు సెలవు పెట్టి తనూ వస్తానంటే వద్దన్నారు. "వస్తే నా మొహం చూసి మళ్ళీ ఒప్పుకుంటావు. రావద్దు" అన్నారు. దాని బదులు మా లంచ్ వేళకి, అక్కడ సాయంత్రం, ఫోన్ చేసేవారు. శేషగిరి గారు మొబైల్‌ని కిటికీ వైపు, ఊరగాయ డబ్బా పక్కన పెట్టేవారు. అందులోంచి తగువు వచ్చేది. "అంబులెన్సు పది నిమిషాల్లో వచ్చింది పా, రాసుకో." "నర్సు ఎంత మర్యాదగా మాట్లాడిందో తెలుసా?" ఈయన బల్ల మీదకి వంగి ఎదురు చెప్పేవారు. వెళ్తూ వస్తూ మనుషులు వింతగా చూసేవారు. రోజు రోజుకీ ఫోన్లో గొంతు పలచబడింది, మాటల మధ్య ఖాళీ పెరిగింది. ఆ ఖాళీల్లో కూడా ఈయన ఏదో ఒకటి అంటూనే ఉండేవారు, ఊరుకుంటే ఓడినట్టవుతుందని కాబోలు.

జనవరిలో ఒకరోజు ఫోన్ వచ్చింది. చాలాసేపు ఊపిరి చప్పుడు తప్ప ఏం లేదు.

"శేషూ. అన్నం పోవడం లేదు. నీళ్ళే తాగుతుండా."

"ఊఁ."

"కుళాయి నీళ్ళు కాచి ఇస్తుండారు. మీ కృష్ణ నీళ్ళేనంట." మళ్ళీ ఊపిరి. "బాగుండాయి పా. ఒప్పుకోవడం కాదిది, ఊరికే చెప్తుండా."

 ఆ తగువులో శేషగిరి గారు జవాబు చెప్పని మాట అదొక్కటే. మర్నాడు లంచ్ వేళకి మొబైల్ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. ఆ మర్నాడూ కూర్చున్నారు. చివరికి ఇళంగోవన్ గారి అమ్మాయి ఫోన్ చేసి నాన్న పోయారని చెప్పింది, అప్పుడు శేషగిరి గారు చీకటి గదిలో ఉన్నారట.

తర్వాత ఆయన క్యాంటీన్‌కి రావడం మానేశారు. కారిడార్లో ఎదురైతే తల ఊపేవారు. స్టాన్‌మోర్ వచ్చేయమని విమల గారు అడిగితే చూద్దాం అన్నారట. ఫ్లాట్‌లో ఫోన్ మోగినా తీయడం లేదని ఆవిడ నాకు చేసి కనుక్కున్నారు. మనిషికి మాట పలచబడిపోవడం ఎలా ఉంటుందో నేను కళ్ళారా చూశాను. నాకు భయం వేసింది.

ఏప్రిల్లో ఒకరోజు క్యాంటీన్‌లోకి వెళ్ళేసరికి మూల బల్ల దగ్గర ఆయన కనిపించారు. డబ్బా తెరిచి ఉంది, అన్నం ముట్టుకోలేదు. ఇన్నాళ్ళూ వాళ్ళని ఎగతాళి చేసిన నోటితోనే ఇప్పుడు ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. నా ట్రే తీసుకెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. బెరుకుగానే మొదలుపెట్టాను.

"డాక్టరు గారూ, మొన్న విజయవాడలో మా మేనత్తకి గుండెనొప్పి వచ్చిందండీ. నూటెనిమిదికి ఫోన్ చేస్తే క్షణాల మీద బండి వచ్చేసిందట. మన ఆంధ్రాలో ఉన్నంత వైద్యం ఇంకెక్కడుందండీ? తమిళనాడు వాళ్ళు ఊరికే గొప్పలు చెప్పుకుంటారు గానీ."

ఆయన నన్నే చూశారు. తప్పు చేశానేమో అనుకున్నాను.

"ఏం పా ప్రఫుల్లా," అన్నారు, "బండొస్తే సరా? గుండెనొప్పి వచ్చిందాకా ఆగేదేంది? మా దగ్గర ఊరూరా నర్సమ్మ ఉండాది. ఏ పల్లెలో నిలబడినా బస్సొస్తుంది."

అప్పుడు చూశాను. ఆయన కళ్ళు చిట్లించుకుని ఉన్నారు. వెలుతురంతా ఆయన మొహం మీదే పడుతోంది. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నది ఆయన. గోడవైపు కుర్చీలో కూర్చున్నది నేను.

 నేనూ ఊరుకోలేదు. "బస్సెక్కి ఏం చేస్తారండీ? నీళ్ళ లారీ వెతుక్కుంటారు" అన్నాను.

ఆయన ఊరగాయ డబ్బాని నావైపు జరిపారు. జరిపి, ఫోర్కు చాపి, నా ముందున్న డబ్బాలోంచి అడక్కుండా ఒక ముక్క తీసుకున్నారు. నమిలారు. బడి అన్నం, గుడ్లు, ఆడపిల్లల నడక, మద్రాసు ఆస్పత్రులు, అన్నీ ఆ పాత వరసలోనే చెప్పుకుంటూ వచ్చారు. ఒక్క మాట మరిచిపోలేదు. చెబుతున్నంతసేపూ కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ఆయన తుడుచుకోలేదు.

నా బ్లీప్ మోగింది. లేచాను.

"రేపు కూడా రామ్మా," అన్నారాయన. "వాడు చెప్పాల్సింది ఇంకా చానా ఉండాది."

మర్నాడు ఆ వేళకి నాకు క్లినిక్ ఉంది. వస్తానని చెప్పి, రోటా మార్పించుకోవడానికి వెళ్ళాను.